సాయంత్రం తెరిచే ముద్రణశాల

పగలు ఉద్యోగం చేసుకుంటూ సాయంకాలపు కళాశాలలో చదివినవారు మీలో చాలామందే ఉంటారు. అలా చదివినవారిని దగ్గరగా చూసినవారూ ఉంటారు. టైపు, షార్ట్‌హాండు, అకౌంట్లు, హిందీ పరీక్షలు ఇలాగే నేర్చుకున్న తరాలు మన పట్టణాల్లో ఉన్నాయి. కళలను కూడా ఇలా నేర్చుకోవచ్చా అన్న సందేహం మాత్రం చాలామందికి ఉంటుంది. పగలంతా పనిచేసి అలసిన మనిషి రాత్రి రెండు గంటల్లో ఏం నేర్చుకోగలడు? శని, ఆదివారాల్లో వచ్చిపోయేవాడికి ఒక కళ పట్టుబడుతుందా?

ఈ పాఠంలో ఆ ప్రశ్నకు చరిత్ర ఏం చెబుతుందో చూద్దాం. ఇందుకు మనం ఎంచుకున్న కళ ముద్రణ చిత్రకళ, అంటే ప్రింట్‌మేకింగ్. మన కళాశాలల్లో దీన్ని గ్రాఫిక్స్ అని కూడా అంటారు. గత నూట ముప్పయి ఏళ్లలో ఈ కళ మలుపు తిరిగిన ఘట్టాలు కొన్ని సాయంకాలపు తరగతుల్లో, వారాంతపు తరగతుల్లో, పదిమందీ పంచుకున్న పనిగదుల్లో జరిగాయి. ఎవరికి ఈ కళ అందింది, ఎవరికి అందలేదు అన్నది చాలావరకు ఆ గది తలుపు ఏ వేళకు తెరిచి ఉంది, ఎవరికోసం తెరిచి ఉంది అన్నదాని మీదే ఆధారపడింది.

ముద్రణ చిత్రకళ అంటే ఏమిటి?

ముందుగా పద్ధతులను క్లుప్తంగా తెలుసుకుందాం. ఇవి ప్రధానంగా నాలుగు రకాలు.

మొదటిది ఉబ్బెత్తు ముద్రణ. కొయ్య దిమ్మ మీద అక్కర్లేని భాగాన్ని చెక్కి తీసేస్తారు. మిగిలిన ఎత్తు భాగానికి సిరా పూసి కాగితం మీద అద్దుతారు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం చూసినవారికి దీన్ని వేరే వివరించనక్కర్లేదు. అక్కడ టేకు దిమ్మల మీద చెక్కిన అచ్చులతో గుడ్డ మీద అద్దుతారు, ఇక్కడ కాగితం మీద అద్దుతారు. ఉడ్‌కట్, ఉడ్ ఎన్‌గ్రేవింగ్, లినోకట్ ఈ రకానికి చెందినవి.

రెండవది దీనికి సరిగ్గా వ్యతిరేకం. రాగి లేదా జింకు రేకు మీద గీతలను లోతుగా దింపుతారు. రేకంతా సిరా పూసి, పైభాగాన్ని పలచని గుడ్డతో తుడిచేస్తారు. సిరా గీతల లోపల మాత్రమే నిలుస్తుంది. తడిపిన కాగితాన్ని దాని మీద ఉంచి, రెండు బరువైన రోలర్ల నడుమ నొక్కితే కాగితం ఆ గాళ్లలోకి దిగి సిరాను తీసుకుంటుంది. గీతలను పదునైన ఉలితో నేరుగా చెక్కితే ఎన్‌గ్రేవింగ్ అంటారు. రేకుకు మైనపు పూత పూసి, దాని మీద సూదితో గీసి, ఆమ్లంలో ముంచి గీతను తినిపిస్తే అది ఎచింగ్.

మూడవది లిథోగ్రఫీ. బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ 1790ల చివరలో దీన్ని కనిపెట్టాడు. నూనె, నీరు కలవవన్న సంగతే దీనికి ఆధారం. నునుపు చేసిన సున్నపురాయి మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ వేసి, రాయిని రసాయనంతో సిద్ధం చేసి తడుపుతారు. జిడ్డు ఉన్నచోటే సిరా అంటుకుంటుంది. నాలుగవది స్క్రీన్ ప్రింటింగ్. శుభలేఖలు అచ్చువేసే చిన్న దుకాణాల పుణ్యమా అని ఇది మన ఊళ్లలో అందరికీ తెలిసిందే.

వీటిలో ఒక ముఖ్యమైన తేడాను మీరు గమనించాలి. చిత్రకారుడికి ఒక కుంచె, కొన్ని రంగులు ఉంటే ఇంట్లో ఏ మూలనైనా కూర్చుని బొమ్మ వేసుకోవచ్చు. ఎచింగ్ చేయాలనుకునేవాడికి మాత్రం క్వింటాళ్ల బరువుండే ప్రెస్సు కావాలి, ఆమ్లపు తొట్టి కావాలి, పొగ బయటకు పోయే గది కావాలి. లిథోగ్రఫీకి రాళ్లు కావాలి, రాయి నునుపు చేసే తొట్టి కావాలి. ఇవి ఒక్క మనిషి కొనుక్కోగలిగినవి కావు. అందువల్ల ఈ కళ మొదటినుంచీ ఉమ్మడి గదిలోనే బతికింది. ఉమ్మడి గది అంటే వంతులు ఉంటాయి, వేళలు ఉంటాయి, ఎవరిని రానివ్వాలన్న నియమం ఉంటుంది.

లండన్, 1896: పనివారి కోసం రాత్రి బడి

పందొమ్మిదవ శతాబ్దం చివరికి ఇంగ్లండులో ముద్రణ పరిశ్రమ ఎంతో విస్తరించింది. ఆ విస్తరణే పనివాడి నైపుణ్యాన్ని ముక్కలు చేసింది. పూర్వం ఒక గురువు దగ్గర ఏడేళ్లు పనిచేసిన కుర్రవాడు వృత్తి మొత్తాన్నీ నేర్చుకునేవాడు. యంత్రాలు వచ్చాక ఒక్కొక్కడికి ఒక్కొక్క చిన్న పని మిగిలింది. పుస్తకాలకు, పత్రికలకు బొమ్మలు చెక్కే ఉడ్ ఎన్‌గ్రేవర్లకు మరీ కష్టం వచ్చింది. ఫోటో తీసి, రసాయనాలతో లోహపు బ్లాకు తయారుచేసే పద్ధతి స్థిరపడగానే వారి పని ఏటికేడూ తగ్గిపోయింది.

ఈ పరిస్థితుల్లో 1896లో లండన్ కౌంటీ కౌన్సిల్ సెంట్రల్ స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్‌ను ప్రారంభించింది. వాస్తుశిల్పి డబ్ల్యు.ఆర్. లెథబీ, శిల్పి జార్జ్ ఫ్రాంప్టన్ దాని తొలి నిర్దేశకులు. తరగతులు ఎక్కువగా సాయంత్రం పూటే జరిగేవి. కారణం స్పష్టమే. వచ్చేవారు పగలు కార్ఖానాల్లో పనిచేసేవారు. బోధించేవారు కూడా ఆ వృత్తుల్లో ఉన్నవారే. పగటిపూట ముక్కలైపోయిన పనిని సాయంత్రం మళ్లీ ఒక మొత్తంగా చూపించడమే లెథబీ ఉద్దేశం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ బడిలో ప్రవేశం ప్రధానంగా చేతివృత్తుల్లో అప్పటికే పనిచేస్తున్నవారికే. సరదాకు వచ్చేవారికి తలుపులు తెరిస్తే పనివారికి చోటు ఉండదన్న ఆలోచనలో న్యాయం ఉంది. అయితే వృత్తిలో లేనివాడు, వృత్తిలోకి రానివ్వబడనివాడు ఆ గదిలోకి ఎలా వస్తాడు? ఈ ప్రశ్న తర్వాతి కాలంలోనూ ప్రతి పనిగది ముందూ నిలబడింది.

ఈ బడి నుంచి వచ్చిన ఒక ఫలితాన్ని మాత్రం మనం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇక్కడే నేర్చుకుని ఇక్కడే ఉపాధ్యాయుడైన నోయెల్ రుక్ ఉడ్ ఎన్‌గ్రేవింగును కొత్త దారిలో బోధించాడు. అంతకుముందు చెక్కేవాడు ఇంకొకరు వేసిన బొమ్మకు నకలు తీసేవాడు. బొమ్మ ఊహించేవాడే చెక్కాలని, ఉలి గీతే బొమ్మ గీత కావాలని రుక్ నేర్పాడు. 1920లో ఏర్పడిన సొసైటీ ఆఫ్ ఉడ్ ఎన్‌గ్రేవర్స్ వ్యవస్థాపకుల్లో ఆయన ఒకడు. జీవనోపాధిగా చచ్చిపోతున్న ఒక విద్య కళగా మళ్లీ నిలబడటంలో ఈ తరగతులకు భాగం ఉంది.

వియన్నాలో వారాంతం, లండన్‌లో లినోలియం

ఇదే కాలంలో వియన్నా నగరంలో ఫ్రాంజ్ చిజెక్ అనే చిత్రకారుడు 1897లో పిల్లల కోసం ఒక కళా తరగతి ప్రారంభించాడు. బడి లేని శని, ఆదివారాల్లో పిల్లలు అక్కడికి వచ్చేవారు. పెద్దల బొమ్మలకు నకళ్లు తీయించడం మానేసి, వారికి తోచింది వారిని వేయనివ్వాలన్నది ఆయన పద్ధతి. పిల్లల చేతికి ఆయన ఇచ్చిన వస్తువుల్లో లినోలియం ఒకటి.

లినోలియం అంటే నేల మీద పరిచే ఒక రకం పట్టా. 1860ల్లో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఇంగ్లీషువాడు దీన్ని కనిపెట్టాడు. గట్టిపడిన అవిసెనూనెలో బెండు పొడి కలిపి, గోనె గుడ్డ మీద పరిచి తయారుచేస్తారు. కొయ్యకు ఉన్నట్టు దీనికి పీచు ఉండదు కనుక ఉలి ఏ దిక్కుకైనా సాఫీగా సాగుతుంది. కొంచెం వెచ్చచేస్తే ఇంకా మెత్తబడుతుంది. ధర తక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, దీనికి ప్రెస్సు అక్కర్లేదు. సిరా రాసిన దిమ్మ మీద పలచని కాగితం పరిచి, చెంచా వీపుతో రుద్దితే చాలు.

లండన్‌లో 1925లో ఇయన్ మక్‌నాబ్ ప్రారంభించిన గ్రోవనర్ స్కూల్ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఈ లినోలియమే చరిత్ర సృష్టించింది. ఆ బడిలో ప్రవేశ పరీక్ష లేదు. కట్టుదిట్టమైన పాఠ్యక్రమమూ లేదు. క్లాడ్ ఫ్లైట్ అనే ఉపాధ్యాయుడు 1926 నుంచి 1930 వరకు అక్కడ లినోకట్ నేర్పాడు. వారానికి ఒక్క మధ్యాహ్నం మాత్రమే ఆయన తరగతి. ఆ కాస్త సమయంలోనే సిబిల్ ఆండ్రూస్, సిరిల్ పవర్ వంటివారు, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన డోరిట్ బ్లాక్, ఎథెల్ స్పౌవర్స్, ఎవలిన్ సైమ్ తయారయ్యారు. సిబిల్ ఆండ్రూస్ ఆ బడిలో కార్యదర్శిగా ఉద్యోగం చేస్తూ ఈ పని నేర్చుకుంది. 1929లో లండన్‌లోని రెడ్‌ఫర్న్ గ్యాలరీలో తొలి బ్రిటిష్ లినోకట్ ప్రదర్శన జరిగింది.

ఫ్లైట్ ఆశయం ఏమిటంటే, సామాన్యుడు సినిమా టిక్కెట్టుకు పెట్టే డబ్బుతో ఒక మంచి చిత్రాన్ని కొని ఇంట్లో పెట్టుకోవాలి. ఆ ధరకు అమ్మడం ఆయనకే సాధ్యం కాలేదు. ఇప్పుడు ఆ చిత్రాలు వేలంలో లక్షల రూపాయలు పలుకుతున్నాయి. అయితే ఆయన ఆశయంలో రెండవ భాగం నెరవేరింది. చిత్రం కొనలేనివాడు కూడా చిత్రం అచ్చువేసుకోగలిగాడు. యుద్ధం తర్వాత 1947లో కెనడా వెళ్లిపోయిన సిబిల్ ఆండ్రూస్ క్యాంప్‌బెల్ రివర్ అనే ఊళ్లో స్థిరపడి, అక్కడివారికి తన దగ్గరే తరగతులు నడిపింది.

కలకత్తా, శాంతినికేతన్: ఇంట్లో ప్రెస్సు

మన దేశంలో ఈ విద్య కంపెనీ పాలనలో కళాశాలల ద్వారా వచ్చింది. 1850లో సర్జన్ అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో స్థాపించిన బడిలోనూ, 1854లో కలకత్తాలో ఏర్పడిన పారిశ్రామిక కళల బడిలోనూ కొయ్య చెక్కడం నేర్పేవారు. ఉద్దేశం పనివారిని తయారుచేయడమే. పుస్తకాలకు బొమ్మలు కావాలి, పటాలు కావాలి, వాటిని అచ్చువేసే చేతులు కావాలి.

ఈ పని కళగా మారిన ఘట్టం మరో చోట జరిగింది. కలకత్తాలోని జొరసాంకోలో ఠాగూరు కుటుంబపు ఇంట్లో 1915లో బిచిత్ర అనే సంఘం ఏర్పడింది. చిత్రకారులు, రచయితలు, బంధుమిత్రులు అక్కడ కలిసేవారు, పనిచేసేవారు. గగనేంద్రనాథ్ ఠాగూరు లిథో ప్రెస్సు పెట్టుకుని, సమకాలీన సమాజాన్ని వెక్కిరించే వ్యంగ్య చిత్రాల సంపుటాలను 1917లో వెలువరించాడు. పరీక్షలు, పట్టాలు లేని చోట కళాకారుడే స్వయంగా అచ్చువేయడం మొదలైంది.

ముకుల్ డే కథ కూడా ఇలాంటిదే. 1916లో రవీంద్రనాథుని వెంట జపాను, అమెరికా వెళ్లిన ఈ యువకుడు షికాగోలో జేమ్స్ బ్లాండింగ్ స్లోన్ అనే కళాకారుడి దగ్గర ఎచింగ్ నేర్చుకున్నాడు. తర్వాత లండన్‌లో చదువు కొనసాగించాడు. 1928లో కలకత్తా ప్రభుత్వ కళాశాలకు తొలి భారతీయ ప్రిన్సిపాల్ అయ్యాడు.

శాంతినికేతన్‌లో 1919లో ఏర్పడిన కళాభవన్‌లో నందలాల్ బోస్ లినోకట్‌ను చేపట్టాడు. 1930లో దండియాత్రకు నడిచిన గాంధీజీ బొమ్మను మీరందరూ చూసే ఉంటారు. నల్లని నేపథ్యం మీద తెల్లని గీతలు, చేతిలో కర్ర. అది లినోకట్. అదే ఏడాది రవీంద్రనాథుని సహజ్ పాఠ్ అనే పిల్లల వాచకాలకు కూడా ఆయన లినోలియం మీదే బొమ్మలు చెక్కాడు. పిల్లలకైనా, ఉద్యమానికైనా తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రతులు తీయగల పద్ధతి ఇదేనని ఆయన గ్రహించాడు.

న్యూయార్క్: వీధిలోకి తెరుచుకున్న తలుపు

ఎవరిని రానివ్వాలన్న ప్రశ్నకు గట్టి జవాబు అమెరికాలో దొరికింది. 1930ల ఆర్థిక మాంద్యంలో ప్రభుత్వం నిరుద్యోగులైన కళాకారులకు పని కల్పించింది. అందులో భాగంగా న్యూయార్క్‌లోని హార్లెం ప్రాంతంలో 1937లో హార్లెం కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్ ప్రారంభమైంది. నల్లజాతి శిల్పి అగస్టా సావేజ్ దాని తొలి డైరెక్టరు. అక్కడ తరగతులు ఉచితం. చుట్టుపక్కల పిల్లలు, పెద్దలు, పనివారు వచ్చి బొమ్మలు వేయడం, ముద్రించడం నేర్చుకునేవారు.

అక్కడికి వచ్చిన కుర్రవాళ్లలో 1920లో పుట్టిన రాబర్ట్ బ్లాక్‌బర్న్ ఒకడు. రీవా హెల్ఫండ్ అనే ఉపాధ్యాయురాలు అతనికి లిథోగ్రఫీ నేర్పింది. 1940ల తొలి ఏళ్లలో ప్రభుత్వ పథకం ముగిసింది, కేంద్రం మూతపడింది. బ్లాక్‌బర్న్ మాత్రం తాను పొందినదాన్ని మరిచిపోలేదు. 1948 నాటికి న్యూయార్క్‌లో ఒక లిథో ప్రెస్సుతో తన సొంత ముద్రణశాల నడపసాగాడు. జాతి, దేశం, పేరు ప్రతిష్ఠలు చూడకుండా నేర్చుకోవాలని వచ్చినవారందరినీ రానిచ్చాడు. 1957లో ఒక ప్రసిద్ధ ముద్రణ సంస్థకు తొలి ప్రధాన ముద్రాపకుడై, అమెరికాలోని గొప్ప చిత్రకారుల రాళ్లను తన చేతులతో అచ్చువేశాడు. అయినా తన ముద్రణశాలను వదలలేదు. మన హైదరాబాదు కళాకారుడు దేవరాజ్ డాకోజి ఆ ముద్రణశాలలో ముద్రాపకుడిగా పనిచేశాడు.

ఆ గది చరిత్రలో ఒక హెచ్చరిక కూడా ఉంది. ఆర్థిక ఇబ్బందులతో 2001లో అది మూతపడింది. 2003లో బ్లాక్‌బర్న్ మరణించాడు. తర్వాత మరొక కళాసంస్థ ఆధ్వర్యంలో 2005లో ఆయన పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఉమ్మడి ప్రెస్సు ఉన్నంతకాలమే నైపుణ్యం చేతులు మారుతుంది. ప్రెస్సుకు తాళం పడితే దాని చుట్టూ చేరినవారు చెల్లాచెదురవుతారు.

నందనూరు నుంచి పారిస్‌కు

ఇంగ్లీషువాడైన స్టాన్లీ విలియం హేటర్ రసాయన శాస్త్రం, భూగర్భ శాస్త్రం చదివాడు. అబదాన్‌లో చమురు కంపెనీలో ఉద్యోగం చేశాడు. 1927లో పారిస్‌లో ముద్రణ కళకు ఒక పనిగది ప్రారంభించాడు. తర్వాత అది ఉన్న వీధిలోని ఇంటి నంబరును బట్టి దానికి ఆతెలియే 17 అనే పేరు వచ్చింది. యుద్ధం రావడంతో 1940లో ఆయన న్యూయార్క్ చేరి, న్యూ స్కూల్ ఫర్ సోషల్ రీసెర్చ్‌లో తరగతి ప్రారంభించాడు. ఆ సంస్థ 1919లో వయోజనుల కోసమే ఏర్పడింది. పనివేళలు ముగిశాక వచ్చేవారి కోసం సాయంత్రం తరగతులు నడపడం దాని పద్ధతి. జాక్సన్ పొలాక్, లూయీస్ బూర్జువా వంటివారు హేటర్ పనిగదిలో రేకులు చెక్కారు. హేటర్ 1950లో పారిస్ తిరిగి వెళ్లాడు. న్యూయార్క్ శాఖ 1955 వరకు సాగింది.

ఆ పారిస్ పనిగదిలోనే మన తెలుగునాటి నుంచి వెళ్లిన ఒక మనిషి ఈ కళ గతిని మార్చాడు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన ఎన్. కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివాడు. మద్రాసు కళాక్షేత్రంలో చిత్రకళ నేర్పాడు. లండన్‌లో స్లేడ్ కళాశాలలో చదివి, 1950ల మొదట్లో పారిస్ చేరాడు. మూలతః ఆయన శిల్పి. రేకును కూడా శిల్పంలాగే చూశాడు.

అప్పటివరకు రంగుల ముద్రణ అంటే ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రేకు కావాలి. ఒకే కాగితాన్ని మూడు నాలుగుసార్లు ప్రెస్సులో నడపాలి. ఒక్క వెంట్రుకవాసి జరిగితే బొమ్మ చెడిపోతుంది. ఆతెలియే 17లో హేటర్, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోటి, కృష్ణారెడ్డి కలిసి చేసిన ప్రయోగాల వల్ల విస్కాసిటీ ముద్రణ అనే పద్ధతి రూపుదిద్దుకుంది. విస్కాసిటీ అంటే జిగట. రేకును వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. ఒక సిరాలో నూనె ఎక్కువ కలిపి పలచన చేస్తారు, మరొకదాన్ని జిగటగా ఉంచుతారు. గట్టి రోలరు ఎత్తు భాగాలనే తాకి పలచని సిరాను అంటిస్తుంది. మెత్తని రోలరు లోతుల్లోకి దిగి జిగట సిరాను అంటిస్తుంది. నూనె ఎక్కువున్న పొర మీద జిగట సిరా పట్టదు. అందువల్ల ఒకే రేకు మీద రెండు మూడు రంగులు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా నిలుస్తాయి. ఒక్కసారి నడిపితే రంగుల చిత్రం వచ్చేస్తుంది. ఆయన 1963లో చేసిన 'సుడిగుండం' ఈ పద్ధతికి పేరుపొందిన ఉదాహరణ.

ఇక్కడ మీరు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఈ పద్ధతి ఒంటరిగా కూర్చున్న మేధావి బుర్రలోంచి వచ్చింది కాదు. ఒకరి రేకు మీద జరిగిన పొరపాటును పక్కవాడు చూడటం, ఒకరి సిరాను మరొకరు వాడి చూడటం అనే ఉమ్మడి పని నుంచి వచ్చింది. కృష్ణారెడ్డికి 1972లో పద్మశ్రీ లభించింది. తర్వాత ఆయన న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్లు బోధించి, 2018లో ఆ నగరంలోనే కన్నుమూశాడు.

స్వాతంత్ర్యం తర్వాత మన దేశంలో

ఆతెలియే 17లో నేర్చుకున్న కన్వల్ కృష్ణ ఢిల్లీలో పాఠశాల ఉపాధ్యాయుడిగా ఉంటూనే రంగుల ఇంటాలియో ముద్రణను మన దేశానికి తెచ్చాడు. సోమనాథ్ హోర్ 1958 నుంచి 1967 వరకు ఢిల్లీ పాలిటెక్నిక్ కళావిభాగంలో గ్రాఫిక్స్ నేర్పాడు. కలకత్తాలో 1960లో ఏర్పడిన సొసైటీ ఆఫ్ కాంటెంపరరీ ఆర్టిస్ట్స్ సభ్యులు కూడా ముద్రణ కళను పెంచారు. వారిలో సనత్ కర్ రాగి, జింకుల ఖర్చు భరించడం కష్టమని, అట్ట మీద, కొయ్య మీద, సన్‌మైకా మీద ఇంటాలియో ప్రయోగాలు చేశాడు.

ఒక సమస్య మాత్రం అందరికీ ఎదురైంది. కళాశాలలో చదువుకున్నంతకాలం ప్రెస్సు ఉంటుంది. పట్టా పుచ్చుకుని బయటికి వచ్చిన మర్నాటి నుంచి ఉండదు. ఉద్యోగంలో చేరితే పగలు తీరికా ఉండదు. దీనికి జవాబుగానే సంఘాలు, ఉమ్మడి స్టూడియోలు వచ్చాయి. ఢిల్లీలో జగ్‌మోహన్ చోప్రా చొరవతో 1968లో గ్రూప్ 8 ఏర్పడింది. ఎచింగ్‌లో తర్వాత ఎంతో పేరు తెచ్చుకున్న అనుపమ్ సూద్ అందులో సభ్యురాలు. 1976లో లలిత కళా అకాడమీ ఢిల్లీలోని గఢీలో కళాకారుల స్టూడియోలను ప్రారంభించి, ముద్రణకు ఉమ్మడి సదుపాయం కల్పించింది. బరోడాలో 1999లో గులాం మొహమ్మద్ షేక్, విజయ్ బాగోడి, కవితా షా కలిసి ఛాప్ అనే ముద్రణశాలను స్థాపించారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టి, హైదరాబాదులోనూ బరోడాలోనూ చదివి, తెలంగాణ పల్లె జీవితాన్ని ఎచింగ్‌లోకి తెచ్చిన లక్ష్మాగౌడ్ పేరు కూడా ఇక్కడ తలుచుకోవాలి. పద్మశ్రీ పొందిన ఈ కళాకారుడి గీతలో ఆ పల్లెల మేకలు, చెట్లు, మనుషులు ప్రపంచమంతా తిరిగారు.

రెండు గంటల్లో ఏం నేర్చుకోవచ్చు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. సాయంకాలపు తరగతికి ఉండేది రెండు, మూడు గంటలు. ఏ పద్ధతి ఆ వేళలో ఇముడుతుందో చూస్తే బోధన క్రమం దానంతటదే తెలుస్తుంది.

లినోకట్ మొదటి మెట్టు. ఒక సాయంత్రం బొమ్మను తిరగవేసి దిమ్మ మీదకు ఎక్కించవచ్చు. ముద్రణలో కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక, అక్షరాలుంటే అద్దంలో చూసినట్టు రాయాలి. రెండో సాయంత్రం చెక్కవచ్చు. మూడో సాయంత్రం అచ్చు తీయవచ్చు. మధ్యలో వారం రోజులు ఆగినా దిమ్మకు ఏమీ కాదు. మిగిలిన చెక్కుడు ఇంటి దగ్గర కూడా చేసుకోవచ్చు.

ఎచింగ్‌కు ఇంకొంచెం ఓర్పు కావాలి. రేకు అంచులు అరగదీయడం, జిడ్డు పోయేలా కడగడం, పూత పూయడం, గీయడం, ఆమ్లంలో దఫదఫాలుగా తినిపించడం, ఇవన్నీ వేర్వేరు రోజుల పని. లేత గీత కావాలంటే కొద్ది నిమిషాలకే తీసి, ఆ గీతను వార్నిష్‌తో మూసి, మిగిలినవాటిని మళ్లీ ముంచాలి. ఆమ్లాన్ని నీటిలో పోయాలే గాని నీటిని ఆమ్లంలో ఎన్నడూ పోయకూడదు. నత్రికామ్లం పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కనుక, చాలా స్టూడియోలు రాగి రేకులకు ఫెర్రిక్ క్లోరైడ్‌కు మారాయి. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు తయారుచేసేవారు వాడేది కూడా ఇదే. జింకుకు మాత్రం దాన్ని వాడకుండా, మైలుతుత్తం, ఉప్పు కలిపిన ద్రావణాన్ని వాడతారు.

లిథోగ్రఫీ వారాంతపు తరగతికి తగినది. పాత బొమ్మ పోయేలా రాయిని ఇసుకతో రుద్ది నునుపు చేయడానికే చాలా సేపు పడుతుంది. అచ్చు మొదలుపెట్టాక మధ్యలో ఆపడం కుదరదు. రాయిని తడుపుతూ, సిరా పూస్తూ, కాగితం వేస్తూ పోవాలి. ఒకరు తడిపితే ఇంకొకరు సిరా రోలరు తిప్పాలి. తోడు లేకుండా చేయడం కష్టం.

వీటన్నిటితోపాటు సాయంకాలపు విద్యార్థి నేర్చుకునేది మరొకటి ఉంది. తన వంతు అయ్యాక ప్రెస్సు బల్ల తుడిచి వెళ్లాలి. సిరా చేతులతో పక్కవాడి కాగితం ముట్టుకోకూడదు. ఎన్ని ప్రతులు తీశాడో నిజాయితీగా లెక్క రాయాలి. 25 ప్రతుల్లో మూడవదైతే పెన్సిలుతో 3/25 అని రాసి సంతకం పెట్టాలి. ఆ తర్వాత 26వది తీయకూడదు. ఈ నియమం మీదే ముద్రణ చిత్రం విలువ నిలబడి ఉంది.

ముగింపు

మనం చూసిన ఉదాహరణలను ఒక్కసారి నెమరువేసుకోండి. లండన్‌లో పని పోతున్న చెక్కుడు విద్యను సాయంకాలపు బడి కాపాడింది. వారానికి ఒక్క మధ్యాహ్నపు తరగతి లినోకట్‌కు కళగా గుర్తింపు తెచ్చింది. హార్లెంలో ఉచితంగా నేర్చుకున్న కుర్రవాడు అర్ధ శతాబ్దం పాటు ఇతరులకు నేర్పాడు. నందనూరు నుంచి వెళ్లిన యువకుడు ఒక ఉమ్మడి గదిలో ప్రపంచానికి కొత్త పద్ధతిని అందించాడు. వీరందరికీ దొరికింది తక్కువ సమయమే కావచ్చు. కాని ఆ సమయానికి తెరిచి ఉన్న గది ఒకటి దొరికింది.

మీ పట్టణంలో కళాశాల ఉంటే, దాని గ్రాఫిక్స్ విభాగంలో ప్రెస్సు సాయంత్రం ఐదు తర్వాత ఏం చేస్తోందో ఒకసారి విచారించండి. తాళం వేసి ఉంటే, వారానికి రెండు సాయంత్రాలు తెరవమని అడగండి. అడగడానికి పదిమంది కలిస్తే ఇంకా మంచిది. ఈలోగా ఒక లినోలియం ముక్క, ఒక చిన్న ఉలి, ఒక చెంచా సంపాదించుకుని ఇవాళ సాయంత్రమే మీరు మొదలుపెట్టవచ్చు.